మంచుబరికి కప్పు

మన యర్రగొండపాలెము సీమలో చైత్రము దాటినంతనే నల్లమల రాళ్ళు నిప్పులు గ్రక్కును. ఇట్టి చోట నుండి మంచుపై నాడెడి ఆటను గూర్చి వినుట వింతగా దోచవచ్చును. కాని మంచుగడ్డయు, దానిని గాచు ఇల్లును మనకు బొత్తిగా క్రొత్తవి కావు. అమెరికా చెరువులలో గడ్డకట్టిన నీటిని కోసి, రంపపుపొట్టులో బెట్టి, ఓడలమీద చెన్నపట్టణమునకు దెచ్చిన టూడరు అను వర్తకుని సంస్థ 1842లో సముద్రపుటొడ్డున ఐస్ హౌసును గట్టించెను. 1897లో వివేకానందస్వామి బసచేసిన భవనమదియే.

అచట మంచును ఎండనుండి గాచుటకు కప్పు వేసిరి. ఇరువది యేండ్లకు కెనడా దేశమున, మాంట్రియల్ నగరములో, మంచునేలను కురియు హిమమునుండి గాచుటకు కప్పు వేసిరి. ఆ కప్పు క్రింద ఒక ఆట కుదురుకొనిన వృత్తాంతమును నేడు విన్నవించెదను.

ఆ శాల పేరు విక్టోరియా స్కేటింగు రింకు. 1862 డిసెంబరు 24వ తేదీన దానిని దెరచిరి. లోపలి మంచునేల ఇంచుమించు 200 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. నడుమ స్తంభము లేక పెద్ద కమానులు కప్పును మోయుచుండెను. యంత్రములేమియు లేవు, నేలపై నీరు బారించిన, ఆ దేశపు చలియే గడ్డకట్టించెడిది. రాత్రులయందు గ్యాసు దీపములు వెలిగెడివి. ఇనుపబద్దలు గల జోళ్ళు తొడిగి స్త్రీ పురుషులు మంచుపై జారుటకే దానిని గట్టిరి గాని, ఆటకు గాదు.

అంతకు బూర్వము కర్రలతో ఆడు మంచుటాటలు గడ్డకట్టిన నదులపైనను, చెరువులపైనను సాగెడివి. ఎల్ల యుండదు, ఇందరని లెక్క యుండదు. హాలిఫాక్సునుండి వచ్చిన జేమ్సు క్రైటన్ అను ఇంజనీరు 1875 మార్చి 3న ఆ ఆటను శాలలోనికి దెచ్చెను. లోపల స్థలము కొంచెము. కనుక పక్షమునకు తొమ్మండ్రు. చుట్టును అరుగుపై జనము. బంతి యెగిరిన తలలు పగులును. కనుక బంతికి మారుగా చదునైన చెక్కబిళ్ళ. క్రైటన్ పక్షము రెండింట గెలిచి ఒకదాన నోడెను. ఆట ముగిసిన పిదప కలహము రేగి బల్లలు విరిగెనని నాటి పత్రికయొకటి వ్రాసినది. మన యూళ్ళ పందెములలోనే గాదు, అన్ని దేశములందును ఇది కలదన్నమాట!

అయినను రెండేండ్లలో, 1877లో, ఆట నియమములు అచ్చుపడెను. 1894లో స్టాన్లీ కప్పు నిర్ణయపు పోటీలు మొదటిసారి ఆ శాలలోనే జరిగెను. నేడును ఉత్తర అమెరికాలో పెద్ద జట్లాడు మంచుబరి 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పే.

1925లో ఆ శాల మోటారుకార్లు నిలుపు గ్యారేజీ యయ్యెను. క్రైటన్ 1930లో ఒటావాలో గతించెను; ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి 2009లో గాని నిలువలేదు. కట్టడము మరుగుపడెను, మనిషిని మరచిరి, కొలత మాత్రము నిలిచెను.

పెద్దలారా! ఇందు మనకు పనికివచ్చు మాట యొకటి కలదు. హద్దు గల చోటు దొరకినందుననే ఆ ఆటకు లెక్కయు, నియమమును, మర్యాదయు గలిగెను. మన పిల్లలు చెడుగుడును, కర్రాబిళ్ళయు బాటలందును, ఒకరి కళ్ళములో నొకరును ఆడి తిట్లు తినుచున్నారు. వారికి గావలసినది కప్పు గాదు, మంచు గాదు. ఊరి యుమ్మడి నేలలో కొంత కొలిచి, నాలుగు మూలల రాళ్ళు పాతి, ఇది ఆటకే యని పెద్దలు పలికిన చాలును. ఆ మాట పలుకవలసినది మీరే. కొలిచిన నేల కొలిచినవారికంటె చిరకాలము నిలుచును.