ఇంట్లో కట్టిన కారు, తడబడే స్పార్కు

బ్రిటన్‌లో లోటస్ సెవెన్ అనే స్పోర్ట్స్ కారు తరహా బళ్లను సొంత షెడ్డులోనే కట్టుకునేవాళ్లు ఉన్నారు. పాత ఫోర్డ్ ఇంజను, చేత్తో అల్లిన వైరింగు. బండి స్టార్టవుతుంది, వేగం పెంచగానే తడబడుతుంది. చాలామంది వెంటనే ప్లగ్గులూ కాయిలూ మార్చేస్తారు. దయచేసి ముందు క్రాంక్‌షాఫ్ట్ సెన్సరు సిగ్నల్ చూడండి.

క్రాంక్‌షాఫ్ట్ మీది చక్రంలో 36 పళ్లకు చోటుంటుంది, కావాలనే ఒకటి తీసేస్తారు. పన్నుకీ పన్నుకీ 10 డిగ్రీలు. ఆ ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో స్పార్కును నడిపే కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఎదురుగా ఉన్న అయస్కాంత సెన్సరు ప్రతి పన్నుకూ చిన్న వోల్టేజి పుట్టిస్తుంది. స్పార్కు తీగ ఆ సెన్సరు తీగను ఆనుకుని వెళితే, దాని రొద కూడా కంప్యూటర్‌కు పన్నులాగే కనిపిస్తుంది. లెక్క తప్పుతుంది, స్పార్కు వేళ తప్పుతుంది.

సెన్సరు తీగకు షీల్డు తప్పనిసరి. ఆ షీల్డును ఒక్క కొసనే, కంప్యూటర్ వైపు, ఎర్త్ చెయ్యాలి. రెసిస్టర్ ఉన్న ప్లగ్గులే వాడాలి. సెన్సరు రెండు తీగలు తారుమారైనా ఇదే తంటా.

సిగ్నల్ చెడే కారణాల్లో అన్నిటికన్నా నేను ముందు అనుమానించేది ఎర్త్‌నే. ఫైబర్‌గ్లాస్ బాడీలో కరెంటు పారదు. ఇంజను నుంచి బ్యాటరీ నెగటివ్‌కు మందపాటి తీగ వేసి, పెయింటు గీకిన శుభ్రమైన లోహానికే బిగించండి. తర్వాత ఆసిలోస్కోపు పెట్టి సిగ్నల్‌లో పళ్లు లెక్కపెట్టండి.