బొంత కుట్టడం మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

భూపాలపల్లి నుంచి వచ్చిన ఇంజినీరు బొగ్గు గనుల గురించి మాట్లాడుతాడని మీరనుకొని ఉంటారు. నేను బొంత గురించి మాట్లాడుతాను. రెండేళ్లుగా నా ఆదివారాలన్నీ దానికే పోతున్నాయి. నవ్వుకోండి, పరవాలేదు. ఈ జనగామ బడిలోనే క్రాఫ్టు పీరియడ్‌లో సారు మగపిల్లల చేత చొక్కా గుండీలు కుట్టించినప్పుడు కూడా మనం నవ్వుకున్నాం. ఆ రోజు నేర్చుకున్న ముడి ఇవాళ నాకు పనికొచ్చింది.

అమ్మ పోయినంక పెట్టెలో ఆమె నూలు చీరలు మిగిలాయి. "బొంతలు కుట్టిద్దాం అన్నా, తలా ఒకటి ఉంటది" అన్నది చెల్లె. కుట్టేవాళ్ల కోసం నలుగురిని అడిగాను. "ఇప్పుడెవరు కుడుతున్నరు, అందరు దుప్పట్లు కొనుక్కుంటున్నరు గదా" అన్నారు. సరే, నేనే కుడతానన్నాను. కుట్టి, మొదటి బొంత చెడగొట్టాను.

అమ్మ చీరల్లో అన్నిటికన్నా మంచివి రెండు తీసి, చుట్టూ అంచుకు బజారులో కొన్న కొత్త ఎర్రగుడ్డ వేశాను. మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి చీరల మీద పాకింది. కొత్తగుడ్డ కుంచించుకుపోయి అంచంతా ముడతలు పడింది. చెల్లె చూసి ఏమీ అనలేదు. మడిచి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆ బొంత పట్టుకొని కాజీపేట మీదుగా రైల్లో మహబూబాబాద్ పోయాను. అది అమ్మ పుట్టిల్లు. ఇంట్లో ఇప్పటికీ మానుకోట అనే అంటాం. అక్కడ మా చిన్నమ్మ ఉంది. చూపు తగ్గింది గానీ వేళ్లకు అన్నీ తెలుసు. కుట్టు మీద చెయ్యి ఆడించి, "గంత గట్టిగ గుంజినవేంది బిడ్డా? బట్టకు సుత ఊపిరాడాలె" అన్నది.

అక్కడ నా చదువు అడ్డమొచ్చింది. గనిలో పైకప్పు రాతిపొరలు విడిపోకుండా వరుసల్లో రూఫ్ బోల్టులు వేసి బిగిస్తాం. బొంతలో కుట్టు చేసేదీ పొరలను కలిపి ఉంచే పనే. కానీ బోల్టు బిగియాలి, దారం బిగియకూడదు. వెచ్చదనం పొరల మధ్య నిలిచే గాలిది. గట్టిగా గుంజితే ఆ గాలీ పోతుంది, గుడ్డా ముడుచుకుంటుంది.

చిన్నమ్మ దగ్గర నేర్చుకున్నవి, నా చేతి నుంచి తెలిసినవి కలిపి చెబుతాను.

మొదటిది, చిన్నగా మొదలుపెట్టండి. పసిపిల్లల కింద పరిచే మూడడుగుల బొంత చాలు. పోయినా బాధ లేని గుడ్డతో కుట్టండి. చేయి కుదిరాకే అమ్మ చీర ముట్టండి.

రెండోది, పాత నూలుగుడ్డే వాడండి. ఏళ్లపాటు ఉతికిన చీర దిగాల్సిన రంగు దిగి, కుంచించుకోవాల్సినంత కుంచించుకొని, మెత్తబడి ఉంటుంది. కొత్తగుడ్డ కలపాలంటే ముందు రెండుసార్లు ఉతికి ఆరబెట్టండి. నూలులో పాలిస్టర్ కలపకండి. రెండూ ఒక్క తీరుగా ఉండవు.

మూడోది, లెక్క. అయిదున్నర మీటర్ల చీరను పొడవులో మూడు మడతలు వేస్తే 1.8 మీటర్ల పొడవు, మీటరుకు పైగా వెడల్పు, మూడు పొరలు వస్తాయి. ఒక మనిషికి రెండు చీరలు సరిపోతాయి. చిరుగులకు ముందే మాసిక వేయండి.

నాలుగోది, పరచడం. ఊడ్చిన నేల మీద పరిచి, మూలలకు బరువు పెట్టి, అరచేత్తో నడుమ నుంచి అంచులకు సాపు చేయండి. పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలను ఆపండి. నేను తొందరపడ్డది ఇక్కడే. ఈ పనికి ఒక పూట పోతే పోనీయండి.

అయిదోది, దారం మూరెడే తీసుకోండి. పొడుగైతే చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి రాయండి. వరుసకూ వరుసకూ రెండు వేళ్ల ఎడం ఉంచండి. కుట్లు వంకరపోతే విప్పకండి. పొర జారితే మాత్రం విప్పండి.

ఇది మన ఒక్కరి విద్య కాదు. బెంగాల్‌లో కాంథా, కన్నడదేశంలో కౌది అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. మనమేమో మన బొంతలను అటక మీద పడేశాం.

చెడిన బొంతను ఏం చేయాలని చిన్నమ్మను అడిగాను. "అంచు ఇప్పి పారెయ్. మరకబడ్డది నడుమ పొరల పెట్టు, పైన కింద వేరే చీర వెయ్" అన్నది. అట్లాగే చేశాను. మూడు నెలలు పట్టింది. పోయిన చలికాలం చెల్లె దాన్నే కప్పుకున్నది.

జనగామలో చదువు, మానుకోటలో అమ్మ పుట్టిల్లు, భూపాలపల్లిలో కొలువు. 2016లో మూడూ వేరువేరు జిల్లాలయ్యాయి గానీ, నాకవి ఇప్పటికీ ఒకే కుట్టులో ఉన్నాయి.

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన పెద్దమనిషి ఉంటే ఈ సెలవుల్లోనే సూది, మూరెడు దారం పట్టుకొని పక్కన కూర్చోండి. అమ్మ ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఇంటి అరుగు మీద బొంత పరిచి కుడుతుంటే, దాని మీద నుంచి దూకి ఆడుకున్నాను. ఎట్లా కుడుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు.

సెలవు.