పిల్లల సంరక్షణలో చీటీ తీయు పరీక్ష

కొత్త వరి వంగడమును కాలువ మొదటనున్న మాగాణిలోను, పాత వంగడమును దివిసీమ శివారున ఉప్పు తగిలిన చేలోను నాటి, కొత్తదే ఎక్కువ పండినదని ఎవరైన చెప్పినచో పామర్రు ప్రాంతపు రైతు ఒప్పుకొనడు. "పండినది విత్తనము వలననా, నేల వలననా?" అని అడుగును. ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయము మిక్కిలి సులువైనది. ఏ మడిలో ఏ వంగడము నాటవలెనో మనిషి ఎన్నుకొనరాదు; చీటీ తీసి నిర్ణయించవలెను. ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో పనిచేసిన ఆర్. ఏ. ఫిషర్ ఈ పద్ధతికి పునాది వేసి, 1935లో వెలువడిన గ్రంథములో దానిని వివరించినారు. బాల్యమున నూజివీడు, నందిగామలలో చదివిన మన సి. ఆర్. రావు ఆయన పర్యవేక్షణలోనే పరిశోధన చేసి, 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందినారు.

వరి నుండి ఈ పద్ధతి వైద్యమునకు వచ్చినది. మందుల గుణమును ఇట్లే పరీక్షించుచున్నారు. మరి తల్లిదండ్రులు లేని పిల్లలకు, ఉండియు సాకలేని వారి పిల్లలకు సంఘము చేయు సహాయమును ఇట్లు పరీక్షింపవచ్చునా?

మన ప్రాంతమునకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలాదిమంది మరణించినారు. ఎందరో పిల్లలు దిక్కులేనివారైనారు. అట్టి ఆపదలో ఆశ్రమము కట్టి అన్నము పెట్టుటయే మన మనసునకు ముందుగా తోచు మార్గము. కాని 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము పిల్లలను సంస్థలలో చేర్చుట చివరి మార్గము కావలెను. అమ్మమ్మ వద్దనో మేనమామ వద్దనో పెరుగు బిడ్డకు, వితంతువైన తల్లి సాకు బిడ్డకు నెలకు 4,000 రూపాయల సహాయమును 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నిర్దేశించినవి. ఆ సొమ్ము మాత్రమే చాలునా? దానితోబాటు సంరక్షణ కార్యకర్త తరచు ఇంటికి వచ్చి మంచిచెడ్డలు విచారించినచో మరింత మేలా? దయ ఒక్కటే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు.

దయ ఎట్లు పొరబడగలదో అమెరికాలో ఒకసారి తేలినది. బోస్టన్ నగరము చెంతనున్న కేంబ్రిడ్జి, సోమర్‌విల్ పట్టణములలో 1939లో ఐదువందలకు పైగా బాలురను ఈడుజోడు చూచి జంటలుగా చేర్చి, ప్రతి జంటలో ఎవరికి సహాయము చేయవలెనో నాణెమెగురవేసి నిర్ణయించినారు. సలహాదారులు ఏండ్ల తరబడి వారి యిండ్లకు వెళ్ళినారు, చదువుకు సాయపడినారు, వైద్యము చేయించినారు, వేసవి శిబిరములకు పంపినారు. ముప్పది యేండ్ల తరువాత జోన్ మెకార్డ్ అను పరిశోధకురాలు వారి జాడలు తీసి, 1978లో ఫలితములు ప్రకటించినది. సహాయము పొందినవారిలో ఎక్కువమంది అది తమకు మేలు చేసినదనియే చెప్పినారు. లెక్కలు అట్లు చెప్పలేదు. నేరముల విషయమున వారు మెరుగుపడలేదు. త్రాగుడు, మానసిక వ్యాధులు, అకాల మరణము మొదలగు వానిలో రెండవ వారికంటె అధ్వాన్నముగా నుండిరి. పోల్చుటకు ఆ రెండవ బృందమే లేకున్నచో, ఆ పథకము జయప్రదమైనదనియే అందరును తలచియుందురు.

అయినను బిడ్డ వరిమడి కాదు. ఒకనికి సహాయమిచ్చి, వానివంటి మరియొకనికి లేదనుటకు ఏ కార్యకర్తకు చేయి వచ్చును? ఈ చిక్కును రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000 ప్రాంతమున పరిశోధకులు ఎదుర్కొనినారు. ఆ నగరములో పసివారిని పెంచుకొను కుటుంబముల ఏర్పాటు ఆనాడు దాదాపు లేదు. ఆశ్రమములలోని 136 మంది శిశువులలో సగము మందిని చీటీ ద్వారా ఎన్నుకొని, అందుకై సిద్ధపరచిన కుటుంబములకు అప్పగించినారు. వారు ఒక నియమము పెట్టుకొనినారు: ఆశ్రమములో మిగిలిన బిడ్డకు తరువాత ఏ కుటుంబము దొరికినను పరీక్ష కొరకు ఆపరాదు. 2007లో ప్రకటించిన ఫలితములలో, నాలుగున్నర యేండ్ల వయసునకు బుద్ధి సూచిక ఆశ్రమములోని వారికి సగటున 73, కుటుంబములలోని వారికి 81. రెండేండ్లు నిండకముందే ఇల్లు చేరినవారికి ఎక్కువ మేలు కలిగినది.

ఇట్టి పరీక్షను మన జిల్లాలో తలపెట్టినచో ఆటంకములు ఎన్నో కలవు. ఒకే వీధిలో ఒక యింటికి సహాయము వచ్చినచో, ఆ బియ్యము, ఆ సొమ్ము తోడికోడలి బిడ్డకును చేరును. అది మన ఆచారము, మంచి ఆచారము. కాని పోలిక అక్కడ చెడును. చీటీలో పేరు రాని బిడ్డను చూచి కార్యకర్త మనసు కరిగి మరింత సాయపడును. అప్పుడును పోలిక చెడును. పోనీ, గ్రామమునకు గ్రామమే చీటీ తీయుదమన్నచో, చాల గ్రామములు కావలెను. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యపై ఇట్టి పరీక్ష మొదలిడినప్పుడు 500 పాఠశాలలు దొరికినవి. ఒక పాఠశాలలో పిల్లలెందరో! దిక్కులేని పిల్లలు ఊరికి ఒకరిద్దరు మాత్రమే. వారిని పెంచు కుటుంబములు పనులకై వలసపోయినచో ఫలితము చూచుటకు బిడ్డ జాడయే తెలియదు. ఇక దేనిని ఫలితమనవలెను? ఆశ్రమమునకు పోకుండుటయే మేలనుకొన్నచో, ఇంట దెబ్బలు తినుచు మిగిలిన బిడ్డయు మన లెక్కలో జయమే యగును.

కావున మేము చెప్పదలచినది ఇది. ప్రాణాపాయములో నున్న బిడ్డ విషయమున చీటీకి చోటు లేదు. వానిని వెంటనే రక్షింపవలెను. వందమందికి అవసరమైన సహాయమునకు ఏబదిమందికి చాలు సొమ్మే యున్నప్పుడు, ఏది మేలో నిజముగా తెలియనప్పుడు, సిఫారసుకంటె చీటీ న్యాయమైనది. అప్పుడును బిడ్డ పెద్దలకు విషయము విప్పి చెప్పి సమ్మతి గైకొనవలెను. ఊహ తెలిసిన బిడ్డను కూడ అడుగవలెను. కాదన్నవారికి హక్కుగా రావలసిన దేదియు తగ్గరాదు. ఫలితము పథకమునకు ప్రతికూలమైనను దాచక ప్రకటింపవలెను.

ఈ మాటలు వినుచున్న గృహస్థులలో పలువురు ఏదో యొక ఆశ్రమమునకు పుట్టిననాడో పండుగనాడో విరాళమిచ్చుచుందురు. ఇకమీద ఇచ్చునపుడు, అచటి పిల్లలలో బంధువులున్నవారెందరు, వారిని ఇంటనే పెంచుటకు ఏమి ప్రయత్నము జరిగినది అని ఒక్కమాట అడుగుడని మా మనవి.