తీపి డబ్బా ఓ.ఆర్.ఎస్. కాదు



మిరప కోతలు జరిగే రోజుల్లోనే ఎండ ముదురుతుంది. ఎండలో ఉంచిన బిందె నీళ్లు, మధ్యాహ్నానికి పాడైన అన్నం చాలు, పిల్లలకు విరేచనాలు పట్టుకోవడానికి. బిడ్డ నీరసించగానే మీరు షాపుకు వెళ్లి "ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి" అంటారు. మీరు అడిగేది సరైనదే. చేతికి వచ్చేది ఏమిటో చూసుకోవాలి.

చాలా ఏళ్లు మందుల షాపుల్లో నారింజ, యాపిల్ బొమ్మలతో, స్ట్రాతో చిన్న అట్టడబ్బాలు అమ్మారు. పేరులోనే ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలు ఉండేవి. లోపల ఉన్నది తీపి పానీయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం, సిట్రేటు లవణాలు. ఆ డబ్బాలలో కొన్నిటిలో లీటరుకు 100 గ్రాములకు పైగా చక్కెర ఉండేది. అంత తీపి పేగులోకి వెళితే ఒంట్లోని నీటిని అక్కడికి లాగుతుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

ప్రకటన అంటే టీవీలో వచ్చేదే అనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బా మీది లేబులు కూడా ప్రకటనే. 2022లో వచ్చిన నియమాలు పిల్లలను నేరుగా "కొనండి, మీ అమ్మానాన్నలతో కొనిపించండి" అని ఉసిగొల్పే ప్రకటనలను నిషేధించాయి. చిప్స్, గ్యాస్ కూల్‌డ్రింకుల ప్రకటనలు పిల్లల కార్యక్రమాల్లో రాకూడదు.

ఈ డబ్బాల మీద ఏళ్ల తరబడి పోరాడినది హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్. 2022 ఏప్రిల్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడవద్దన్నది. జూలైకల్లా సడలించింది. "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓ.ఆర్.ఎస్. కాదు" అని డబ్బా మీద రాస్తే చాలన్నది. పొద్దంతా కాయలు కోసి, ఏడ్చే బిడ్డను చంకనెత్తుకుని వచ్చిన తల్లి ఆ వాక్యం వెతికి చదువుతుందా? 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దు చేశారు. ముందో వెనకో ఏ మాట తగిలించినా, పానీయాల పేరులో ఓ.ఆర్.ఎస్. అని ఉండకూడదు. ఇంకా ఎక్కడైనా కనిపిస్తే 1915కి ఫోన్ చేసి చెప్పండి. అయితే పేరు మార్చుకున్న డబ్బా కూడా తీపిదేనని గుర్తుంచుకోండి.

అసలు ఓ.ఆర్.ఎస్. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. షాపులో కొంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం చేసినదేనా అని అడగండి. లీటరు ప్యాకెట్టయితే పొడి మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. చిన్న ప్యాకెట్టయితే దాని మీద రాసినన్ని నీళ్లే. సగం పొడి వేయడం, రుచికి పంచదార కలపడం వద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుంచి 200, చెంచాతో నెమ్మదిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. జింకు మాత్రలు ఇస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి. ప్యాకెట్టు తెచ్చేలోగా ఉప్పు వేసిన గంజి, మజ్జిగ పట్టవచ్చు.

కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి, దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. పడుతూ రండి.