దినమునకు పావుగంట
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణరాజపురమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఒక వింత కానవచ్చుచున్నది. పిల్లవాడు ఇంట అమ్మమ్మతో చక్కని తెలుగు మాటలాడును. అంగడిలో కన్నడమున బేరమాడును. బడిలో ఇంగ్లీషున పరీక్ష వ్రాయును. కాని ఊరినుండి వచ్చిన శుభలేఖను చదువుమన్నచో తల వంచుకొనును. నాలుకకు వచ్చిన భాష కంటికి రాలేదు. ఇట్లే సాగినచో పెట్టెలో దాచిన తాతగారి ఉత్తరములు రాబోవు తరమునకు గీతలుగా మాత్రమే మిగులును.

చట్టము మనకు తోడుగానే యున్నది. రాజ్యాంగములోని 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కు నిచ్చినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నించవలెనని 1956లో చేర్చిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు విధించినది. అయితే హక్కు బడిని ఈయగలదు గాని అలవాటును ఈయజాలదు. అలవాటు ఇంటనే పుట్టవలెను.

మన వెంగయ్యన కెరె వంటి చెఱువులను త్రవ్వించిన పెద్దలు ఎఱిగిన సత్యమొకటి కలదు. ఎంత వాన కురిసినను, నీరు తెచ్చు కాలువ పూడియున్నచో చెఱువు నిండదు. వార్షికోత్సవమునాటి ఉత్సాహము వాన వంటిది. నిత్యాభ్యాసము కాలువ వంటిది. జూన్ నెలలో కట్టలుగా కొన్న పుస్తకములు దసరా నాటికి దుమ్ము పట్టుట మనమందఱము చూచినదే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌనును తలచుకొందము. 1817లో చెన్నపట్టణము చేరునాటికి ఆయనకు తెలుగు రాదు. 1820లో ఉద్యోగమునకై కడప చేరెను. కచేరీ పనుల నడుమనే చదువుచు, తాళపత్రప్రతులను సేకరించుచు, మాటలను కూర్చుచు పోయెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. ముప్పది యేండ్లకు పైబడిన దినదిన పరిశ్రమకు ఫలమది. పరదేశికి సాధ్యమైనది మన బిడ్డకు అసాధ్యమగునా?

లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారములు పరిశీలించి, 2010లో తమ ఫలితములను ప్రచురించిరి. క్రొత్త పని ప్రయత్నము లేకయే సాగు అలవాటగుటకు సుమారు 66 దినములు పట్టునని తేలినది. కొందఱికి 18 దినములే చాలినవి. కొందఱికి 254 దినములు పట్టునని లెక్క వచ్చినది. నడుమ ఒక దినము తప్పినంత మాత్రమున నష్టము లేదనియు వారు కనుగొనిరి. కావున ఇరుగుపొరుగు బిడ్డతో మన బిడ్డను పోల్చవలదు. ఒకనాడు తప్పినచో కోపింపవలదు. మఱునాడు మరల కూర్చుండబెట్టుటయే పని.

మేము కోరునది స్వల్పము. ఉదయమున గోడమీది తెలుగు క్యాలెండరులో ఆనాటి వారము, తిథి, నక్షత్రము బిడ్డచేత బిగ్గరగా చదివింపుడు. రాత్రి భోజనమునకు ముందు పావుగంట కథల పుస్తకము చదివించి, ఇంటి పెద్దలు ప్రక్కన కూర్చుండి వినుడు. చదువురాని తల్లియైనను వినగలదు. వినువారున్నచో బిడ్డకు ఉత్సాహము కలుగును. ఆదివారమున అమ్మమ్మకో తాతకో రెండు పంక్తుల ఉత్తరము వ్రాయింపుడు. వేళ మార్చవలదు. పావుగంటను అత్యాశతో గంటగా పెంచవలదు. బరువైనది నాలుగు దినములకే జాఱిపడును.

ఇందువలన కన్నడమునకు లోటు కలుగునని శంకింపవలదు. ఇది కన్నడ సీమ. ఆ భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. తెలుగు, కన్నడ లిపులు ఒకే ప్రాచీన లిపినుండి చీలినవి. తలకట్టు మొదలగు భేదములను గుర్తించినచో, కన్నడము చదువు బిడ్డకు తెలుగు అక్షరములు పెక్కు సులువుగా పట్టువడును. ఒకటి రెండవదానికి నిచ్చెన యగును.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలనిరి. ఈ రాత్రియే మొదలిడుడు. వచ్చు వార్షికోత్సవమునాటికి మన సంచికను మన బిడ్డలే మనకు చదివి వినిపింతురు గాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.