గాజుతొట్టెలోని ఇసుకమేట

సముద్రజీవులను గాజుతొట్టెలో పెంచువారు కొందరు అడుగున 4 మొదలు 6 అంగుళముల మందమున సన్నని ఇసుకను మేటవేయుదురు. ఇది కేవలము అలంకారము కాదు. నీటిని శుద్ధిచేయు సాధనము. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియాను పైపొరలలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువు సాయమున నైట్రేటుగా మార్చును. ప్రాణవాయువు చొరని లోపొరలలోని సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి వెలువరించును.

ఈ మేట ఆరోగ్యమును మనమెట్లు గుర్తింపగలము? గాజుగోడ ప్రక్కనుండి పరికింతము. ఇసుకలో పురుగులు తొలిచిన సన్నని దారులు, లోతున చిన్న బుడగలు కనిపించుట శుభలక్షణము. నీటిలో నైట్రేటు తక్కువగా నిలిచియుండుట మరింత నమ్మదగిన సాక్ష్యము. అడుగున కొంత నలుపు కనిపించినంతనే మనము బెదరనక్కరలేదు. అది ఇనుము, గంధకము కలియుటవలన ఏర్పడిన మరక. ఆ నలుపు పైకి ప్రాకినను, పురుగులు కనుమరుగైనను, ఇసుక గడ్డకట్టినను, క్రుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చినను మేలుకొనవలెను.

అట్టియెడ తొందరపడి మేటనంతయు త్రవ్వరాదు. లోపల చిక్కుకొన్న హైడ్రోజన్ సల్ఫైడు ఒక్కుమ్మడిగా వెలువడి చేపలను చంపవచ్చును. మేత తగ్గించి, నీటిని కొంచెము కొంచెముగా మార్చుచు, ఆరోగ్యవంతమైన వేరొక తొట్టెనుండి పురుగులతోకూడిన ఇసుకను తెచ్చి పైన చల్లుట మేలని మా సలహా. కంటికి కనబడని ప్రాణులు బ్రతికిననే, మనము ముచ్చటపడి పెంచుకొను చేపలును బ్రతుకును.