మెట్లు లేని చట్టం: తాగి బండి నడిపిన కేసుల్లో శిక్ష, ముద్దాయి తరఫు వాదన



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన క్రిమినల్ ప్రాక్టీసులో నాకు సీనియర్. ఆయన గుణగణాలు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను ఒక్కటే చేరుస్తాను. ఫైలు చేతికి రాగానే అందరూ ఎఫ్‌ఐఆర్ చదువుతారు, ఆయన మెడికల్ కాగితాలు తీసేవారు. రక్తం ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు, ల్యాబుకు ఎప్పుడు చేరింది అని మార్జిన్‌లో పెన్సిలుతో టైములు వేసుకునేవారు. ఈ రోజు నేను మాట్లాడబోయే కేసుల్లో గెలుపోటములు ఆ పెన్సిలు గీతల దగ్గరే తేలుతాయి కాబట్టి ఈ విషయం ఎంచుకున్నాను.

చట్టం సంగతి ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండి బండి నడిపితే నేరం. 1988లో చట్టం చేసినప్పుడు మోతాదు ఎంత తక్కువైనా నేరమే అన్నారు. 30 అనే గీత 1994 సవరణతో వచ్చింది. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. మళ్ళీ దొరికితే జైలు 2 ఏళ్ళ దాకా, జరిమానా 15,000. శిక్ష పడితే లైసెన్సుకు కనీసం 6 నెలల అనర్హత. ఇది రోడ్డు మీద చలానా కట్టి పోయే నేరం కాదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. హైదరాబాద్‌లో అయితే అంతకు ముందు ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకుని గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కు హాజరు కావాలి. జరిమానా కన్నా భార్య పక్కన కూర్చుని అక్కడ చూపించే వీడియోలు చూడటమే కష్టమని చెప్పిన క్లయింట్లు నాకు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. రక్తంలో మద్యం కౌంట్ 31 వచ్చినవాడూ, 310 వచ్చినవాడూ ఈ సెక్షన్ ముందు ఒకటే. ఒంటరిగా స్కూటీ మీద పోయేవాడూ, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాడూ ఒకటే. జరిమానా ఎంత వేయాలి, జైలుకు పంపాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు గారి విచక్షణ. నేరం తీవ్రతను కొలిచే మెట్లు మాత్రం చట్టంలో లేవు.

అమెరికాలో చూడండి. న్యూయార్క్ రాష్ట్రంలో మామూలు పరిమితి 0.08 శాతం, మన లెక్కలో 80 మిల్లీగ్రాములు. అది 0.18కి చేరితే 'తీవ్రమైన' నేరమని విడిగా సెక్షన్ ఉంది. బండిలో 15 ఏళ్ళు, ఆ లోపు పిల్ల ఉంటే, ఎవరికీ గీత పడకపోయినా, మొదటిసారే అయినా అది ఫెలనీ. ఒక చిన్నపిల్ల చనిపోయాక 2009లో ఆ పిల్ల పేరుతోనే ఆ చట్టం తెచ్చారు. ఇంగ్లండు పరిమితి మనకన్నా ఎక్కువ, 80. కానీ తాగి అజాగ్రత్తగా నడిపి ప్రాణం తీసినవాడికి అక్కడ ప్రత్యేక సెక్షన్ ఉంది. 2022 నుంచి దానికి యావజ్జీవం దాకా శిక్ష వేయవచ్చు.

మన దగ్గర? మనిషి చనిపోయేదాకా 185. చనిపోయాక రెండు దారులు. ఒకటి భారతీయ న్యాయ సంహిత 106(1), నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం. పాత శిక్షాస్మృతిలో 304-ఎ ఇదే. అప్పుడు 2 ఏళ్ళు ఉండేది, ఇప్పుడు 5 ఏళ్ళ దాకా, అయినా బెయిలబుల్. రెండోది సెక్షన్ 105, హత్య కాని శిక్షార్హ నరహత్య. పాత 304 రెండో భాగం. 10 ఏళ్ళ దాకా, నాన్‌బెయిలబుల్, సెషన్స్ విచారణ. మొదటి దాంట్లో ముద్దాయి సాయంత్రానికి ఇంటికి పోతాడు, రెండో దాంట్లో జైలుకు పోతాడు. ఈ రెంటికీ మధ్య తాగి నడిపి చంపినవాడికంటూ ఒక మెట్టు లేదు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయినవాడికి 10 ఏళ్ళన్న 106(2)ను 2024 జనవరిలో లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశాక పక్కన పెట్టారు. జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు అదొక్కటే రాలేదు.

ఆ ఖాళీలోనే సుప్రీంకోర్టు రెండు పెద్ద తీర్పులు పుట్టాయి. రెండూ 2012లోనే.

మొదటిది అలిస్టర్ పరేరా కేసు. 2006 నవంబరు 12 తెల్లవారుజామున ముంబై బాంద్రాలోని కార్టర్ రోడ్డులో కారు పేవ్‌మెంటు ఎక్కింది. అక్కడ నిద్రపోతున్న కూలీల్లో 7 మంది చనిపోయారు, 8 మంది గాయపడ్డారు. డ్రైవరు రక్తంలో 0.112 శాతం మద్యం. ట్రయల్ కోర్టు నిర్లక్ష్యమే అని 6 నెలలు వేసింది. బొంబాయి హైకోర్టు తనంత తానుగా కల్పించుకుని, విచారించి, 304 రెండో భాగం కింద 3 ఏళ్ళకు పెంచింది. సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ ఆ 3 ఏళ్ళు కూడా చాలా తక్కువే అంది. పెంచమని ప్రభుత్వం అప్పీలు చేయలేదు గనక అక్కడితో ఆగింది. జూనియర్లు ఈ తీర్పులో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇంకోటి ఉంది: ఒకే పనిలో నిర్లక్ష్యమూ ఉండవచ్చు, 'ప్రాణం పోవచ్చు' అన్న ఎరుకా ఉండవచ్చు. అవి ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. ముద్దాయి తరఫున మనం ఏళ్ళ తరబడి నమ్ముకున్న వాదన అక్కడ కూలిపోయింది.

రెండోది సంజీవ్ నందా కేసు, జనం నోట బీఎండబ్ల్యూ కేసు. 1999 జనవరి 10, ఢిల్లీ లోధీ కాలనీ. 6 మంది చనిపోయారు, వారిలో ముగ్గురు పోలీసులు. ట్రయల్ కోర్టు 304 రెండో భాగం కింద 5 ఏళ్ళు, హైకోర్టు 304-ఎ కింద 2 ఏళ్ళు వేశాయి. సుప్రీంకోర్టు నేరాన్ని మళ్ళీ 304 రెండో భాగానికి పెంచింది గానీ, శిక్షను అప్పటికే అనుభవించిన 2 ఏళ్ళకే పరిమితం చేసి, 50 లక్షలు కట్టమని, 2 ఏళ్ళు సమాజసేవ చేయమని చెప్పింది. నాకు ఈ రెండో సగం రుచించదు. నేరం పేరు పెద్దది చేసి, శిక్షను చిన్నదాని కొలతకు కుదించినట్లయింది. అంత డబ్బు లేని లారీ డ్రైవరు అదే నేరం చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కేసులో మన వృత్తికి సంబంధించిన చేదు కూడా ఉంది. ముద్దాయి తరఫు సీనియర్ న్యాయవాది సాక్షిని తిప్పుకోవడానికి ప్రయత్నించినట్లు 2007లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరాలో దొరికింది. కోర్టు ధిక్కారం కింద ఆయనకు పడ్డ దోషనిర్ధారణను 2009లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2024 మేలో పూణెలో మైనరు నడిపిన ఖరీదైన కారు ఇద్దరు యువ ఇంజనీర్లను బలిగొన్నప్పుడు, ఆసుపత్రిలో రక్తం నమూనానే మార్చేశారన్న ఆరోపణపై డాక్టర్లే అరెస్టయ్యారు. సాక్షిని కొనడం, సీసా మార్చడం, జీతగాడిని డ్రైవరుగా చూపించడం, వీటిలో ఏదీ డిఫెన్స్ కాదు, మరో నేరం. అలాంటి పని మీద వచ్చే క్లయింటును గుమ్మంలోంచే పంపేయాలి.

మరి డిఫెన్స్ అంటే ఏమిటి?

రెండు గంటలు. సెక్షన్ 185 కింద అరెస్టు చేసినవాణ్ణి రెండు గంటల్లోపు వైద్య పరీక్షకు పంపకపోతే వదిలేయాలని సెక్షన్ 202 చెబుతోంది. ఈ గడువు ఊరికే పెట్టలేదు. ఒంట్లో మద్యం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. 100 ఉన్నవాడు ఆరు గంటల తర్వాత 30 లోపలికి వచ్చేస్తాడు. 2019 ఆగస్టులో తిరువనంతపురంలో ఒక ఐఏఎస్ అధికారి నడుపుతున్న కారు గుద్ది ఒక పాత్రికేయుడు చనిపోయాడు. రక్తం గంటల తర్వాత తీశారు. మద్యం కనబడలేదు. 185 నిలవలేదు. కానీ 2023లో కేరళ హైకోర్టు 304 ఆరోపణను తిరిగి నిలబెట్టింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. రక్తం రిపోర్టు ఖాళీగా వచ్చింది కదా అని ముద్దాయి వకీలు సంబరపడకూడదనడానికి ఈ కేసు చాలు.

తర్వాత యంత్రం. బ్రీత్ అనలైజర్ ఊపిరిలో మద్యాన్ని కొలిచి, 2,100కు 1 అనే నిష్పత్తితో రక్తానికి లెక్కగడుతుంది. అందరి ఒంట్లో ఆ నిష్పత్తి ఒకేలా ఉండదు. నోరు పుక్కిలించే మందు, హోమియో చుక్కలు నోట్లో ఉండగానే ఊదిస్తే అంకె ఎగబాకుతుంది. పావుగంట ఆగి రెండోసారి ఊదించారా, యంత్రానికి కాలిబ్రేషన్ ఎప్పుడు జరిగింది, స్లిప్పు మీది టైమూ పంచనామా టైమూ కలుస్తున్నాయా అని అడగాలి. రక్తం తీసేముందు చర్మాన్ని స్పిరిటుతో తుడిచారా, సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేశారా, ఫ్రిజ్‌లో పెట్టారా, సీలు చెక్కుచెదరకుండా ఫోరెన్సిక్ ల్యాబుకు చేరిందా అని డాక్టరు గారిని క్రాస్‌లో అడగాలి. నోరు వాసన వస్తోంది, తూలుతున్నాడు అని సాక్షులు చెప్పినంత మాత్రాన తాగాడని తేల్చలేమని సుప్రీంకోర్టు 1971లోనే బచ్చుభాయ్ కేసులో చెప్పింది. సినీనటుడు సల్మాన్ ఖాన్‌కు కారు ప్రమాదం కేసులో 2015 మేలో 5 ఏళ్ళు పడి, డిసెంబరులో హైకోర్టులో కొట్టేశారంటే, తాగి ఉన్నాడనీ, నడిపింది అతనేననీ ప్రాసిక్యూషన్ నిస్సందేహంగా రుజువు చేయలేదనే.

ఊదనని మొండికేస్తే? అది తెలివి కాదు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే దాన్ని ప్రాసిక్యూషన్‌కు బలమిచ్చే సంగతిగా తీసుకోవచ్చని సెక్షన్ 205. రక్తం ఇవ్వడం తనపై తానే సాక్ష్యం చెప్పుకోవడమన్న వాదన కూడా నిలవదు. 1961లో కథీ కాలూ కేసులో ఆ దారి మూసేశారు. పోలీసుల వైపు తప్పు జరిగితే దానికి వేరే మందుంది. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపాడని బండి స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని, తాగని మనిషి లైసెన్సుతో వస్తే ఇచ్చేయాలని ఆదేశించింది. ఆ తీర్పు జిరాక్సు జేబులో పెట్టుకు తిరిగిన క్లయింట్లూ ఉన్నారు.

చివరగా ఎరుక. 105 నుంచి 106కు దించాలంటే వాదన దీని మీదే. ఎంత తాగాడన్నదొక్కటే కాదు. ఎంత వేగం, ఏ దారి, పక్కనున్నవాళ్ళు 'నువ్వు నడపొద్దు' అన్నారా, గుద్దాక ఆగాడా పారిపోయాడా, అన్నీ లెక్కకు వస్తాయి. 2016 జూలై 1న హైదరాబాద్ పంజాగుట్టలో 21 నిండని ఇంజనీరింగ్ విద్యార్థి నడిపిన కారు డివైడరు ఎగిరి ఎదుటి కారు మీద పడింది. ఒక చిన్నపిల్లతో సహా ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. తెలంగాణలో 21 లోపువారికి మద్యం అమ్మకూడదు, అయినా అమ్మారు. అలాంటి కేసులో పోలీసులు పెద్ద సెక్షన్ పెడితే తప్పనలేం. కానీ టీవీల్లో గోల పెరిగిన ప్రతి కేసుకూ, ఎరుకకు ఒక్క సాక్ష్యం లేకపోయినా అదే సెక్షన్ పెట్టడం అలవాటైపోయింది. ఏమవుతుంది? ముద్దాయి నెలల తరబడి రిమాండులో ఉంటాడు, తర్వాత డిశ్చార్జి పిటిషన్‌లో సెక్షన్ జారి 106 మిగులుతుంది. చనిపోయినవారి కుటుంబానికి తమను మోసం చేశారనిపిస్తుంది, ముద్దాయికి తనను ముందే శిక్షించారనిపిస్తుంది. ఇద్దరి మాటా నిజమే.

జైలు బయటి శిక్షల గురించి క్లుప్తంగా. సొంత కారు డ్యామేజీకి ఇన్సూరెన్సు రాదు. రక్తపరీక్ష లేకపోయినా మత్తును వేరే ఆధారాలతో రుజువు చేయవచ్చని 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అవతలివారి కుటుంబానికి కంపెనీ చేత ముందు కట్టించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమనడం ట్రిబ్యునళ్ళలో తరచు చూస్తాం. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి కావాలి. అమెరికాలో చదువుకునే మన పిల్లల తల్లిదండ్రులు ఈ సభలో కొందరున్నారు. అక్కడ తాగి నడిపాడని అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నవంబరు నుంచి ఉంది. ఫైను కట్టేస్తే సరిపోతుందని పిల్లవాడు అన్నా, నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ వకీలును కలవమనండి.

మధ్య మెట్టు కావాలన్నది కొత్త కోరిక కాదు. 2009లో లా కమిషన్ 234వ నివేదికలో తాగి నడిపి ప్రాణం తీసిన నేరానికి విడిగా చోటు ఇవ్వమంది. 2012లో కేంద్రం తెచ్చిన సవరణ బిల్లులో రక్తంలో మోతాదును బట్టి శిక్ష పెరిగే ఏర్పాటు ఉంది. అది చట్టం కాలేదు. 2015లో సౌరభ్ బక్షీ కేసులో సుప్రీంకోర్టు 304-ఎ శిక్షలను మళ్ళీ పరిశీలించమని చట్టసభలను కోరింది. 2019లో జరిమానాలు పెరిగాయి, 2024లో 2 ఏళ్ళు 5 ఏళ్ళయ్యాయి. మెట్టు మాత్రం రాలేదు.

ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. నేర చట్టం, మోటారు వాహనాలు రెండూ ఉమ్మడి జాబితాలోనివి. 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదంతో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు తమ రాష్ట్రాల వరకు సవరణ చేసుకోవచ్చు. 185లో మోతాదును బట్టి, బండిలో పిల్లలున్నారా అన్నదాన్ని బట్టి శిక్ష పెరగాలి. 106కూ 105కూ మధ్య, తాగి నడిపి ప్రాణం తీసిన నేరానికి ఎరుక రుజువు అక్కర్లేని, నాన్‌బెయిలబుల్ సెక్షన్ ఒకటి రావాలి. ఇందులో ప్రాసిక్యూషన్ పక్షం, డిఫెన్స్ పక్షం అని తేడా లేదు. మన బార్ అసోసియేషన్ ఒక చిన్న కమిటీ వేసి, ఈ రెండు సవరణల ముసాయిదా రాసి, రెండు ప్రభుత్వాల న్యాయశాఖలకూ పంపాలని కోరుతున్నాను. రాయడానికి కూర్చుంటే నేనూ వస్తాను.